నిండకూడని డిస్కు

"డిస్కు నిండిపోయిందని రిపోర్టులో రాసినారు. నిజంగా నిండిందా, మునిరాజన్నా?"

"నిండింది."

"నిండేదానికి అవకాశం ఉన్నిందా?"

"లేదు."

అంబిక పెన్ను కింద పెట్టింది. "రెండూ ఒకేసారి ఎట్ల నిజమైతాయన్నా?"

"ఇరవై రోజులుగా నేను నన్ను అడుగుతా ఉండేదీ అదే, అమ్మా," అన్నాడు మునిరాజు.

యాభై రెండేళ్ళ మనిషి. దొడ్డబళ్ళాపురం మగ్గాల ఇంట్లో పుట్టి, వేణుధార టెక్స్‌టైల్స్‌లో పంతొమ్మిదేళ్ళుగా కంప్యూటర్ల పని చూస్తున్నాడు. మూడు వారాల కిందట సస్పెండ్ అయ్యాడు. రేపు పదకొండు గంటలకు కార్మిక శాఖ విచారణలో రిపోర్టు ఖాయమైతే, సాక్ష్యాలు పోగొట్టినవాడిగా అతని మీద కేసు పడుతుంది. బెంగళూరు కాటన్‌పేటలో చీరల అంగడి మీది మేడలో, అంబిక డిటెక్టివ్ ఆఫీసులో, కుర్చీ అంచు మీద కూర్చుని ఉన్నాడు. ముందు పెట్టిన కాఫీ ముట్టలేదు.

గోడ గడియారం పదీ ఇరవై చూపిస్తోంది.

జరిగింది ఇదీ. మూడు వారాల కిందట ఒక మంగళవారం పొద్దున పదీ నలభైకి, దొడ్డబళ్ళాపురంలోని వేణుధార మిల్లులో, నూలుకు రంగులద్దే షెడ్డులో ఆవిరి బాయిలర్ పగిలింది. దాన్ని చూసుకునే ఓబులేషు అక్కడికక్కడే ప్రాణం వదిలాడు. ఇద్దరు ఆడవాళ్ళకు ఒళ్ళు కాలింది. సేఫ్టీ వాల్వు పట్టేసిన సంగతి ఓబులేషు ఎవరికీ చెప్పలేదనీ, తప్పంతా చచ్చిపోయినవాడిదేననీ కంపెనీ తేల్చేసింది.

ఓబులేషు భార్య గంగమ్మ అంబికను వెతుక్కుంటూ వచ్చింది ఆ మాట విన్నాకే. కదిరి పక్కనుంచి పొట్ట చేత పట్టుకుని వచ్చిన కుటుంబం. "నాలుగుసార్లు మెయిలు పెట్టినాడక్కా," అంది ఆమె. "పెట్టిన ప్రతిసారీ ఫోను నా మొగానికి చూపించి, ఇదో పోయింది చూడు అనేటోడు. నాకు చదువు రాదు. కానీ నా మొగుడు నాతో అబద్ధమాడడు." ఆ ఫోను కూడా ఓబులేషుతోనే కాలిపోయింది.

ఆ నాలుగు మెయిళ్ళూ ఉండాల్సింది ఎలక్ట్రానిక్ సిటీలోని హెడ్డాఫీసులో, కంపెనీ మెయిల్ సర్వర్లో. సర్వరేమో అదే మంగళవారం సాయంత్రం ఏడూ ఐదుకు ఆగిపోయింది. డిస్కులు నిండిపోయాయన్నారు. మర్నాడు రిపేరు పేరుతో డిస్కులన్నీ తుడిచి మళ్ళీ ఎక్కించారు. ఆరువందల నలభై మంది మెయిళ్ళు ఆవిరైపోయాయి. ముందుచూపు లేకుండా చిన్న డిస్కులు కొన్న మునిరాజుదే తప్పని రిపోర్టు రాసిచ్చినవాడు కంపెనీ పెట్టుకున్న ఇన్వెస్టిగేటర్ స్టాన్లీ.

ఆ పేరు చూసిన రోజే అంబిక ఈ కేసు ఎట్టి పరిస్థితిలోనూ వదలకూడదనుకుంది.

"మొదటినుంచీ చెప్పన్నా. సర్వర్ కొనేటప్పుడు ఎంత పెద్దది కావాలో ఎట్ల తేల్చినావు?"

మునిరాజు సంచీలోంచి నల్ల అట్ట నోటుబుక్కు తీశాడు. అది తీసేసరికి అతని వీపు కొంచెం నిటారైంది.

"మగ్గం ఎక్కించే ముందర మా నాయన నూలు ఎంత పడ్తాదో లెక్క కట్టేవాడమ్మా. మధ్యలో నూలు చాలకపోతే చీర చెడిపోతాది. నేనూ అట్లే చేసినా. ఫస్టు, మనుషులెంతమంది? ఆరువందల నలభై. ఒక్కొక్కరికి రోజుకు ఎన్ని మెయిళ్ళు? రెండు నెలలు పాత సర్వర్లో లెక్క తీసినా, సుమారు అరవై. ఒక్కో మెయిలు ఎంత బరువు? ఎంత చేసినా అందరిదీ కలిపి రోజుకు నాలుగు జీబీ దాటదు."

"అట్ల పెరుగుతా పోతే?"

"పోనీలేదు కదా. మనిషికి ఐదు జీబీ హద్దు పెట్టినా. అది నిండితే పాతవి తీసేసుకోవల్ల, లేకుంటే కొత్తవి రావు. అందరూ హద్దుదాకా నింపుకున్నా మూడువేల రెండువందల జీబీనే. దాని మీద వెతుకులాటకు, చెరిపిన మెయిళ్ళు నెల దినాలు దాచేదానికి కొంత. ఐదేళ్ళలో చేరే కొత్త మనుషులకు కొంత. ఎప్పుడూ నూటికి ఇరవై ఖాళీ ఉండల్ల. అన్నీ కలిపితే ఐదువేలు చాలు. నేను ఎనిమిదివేలు తీసుకున్నా."

"ఒకే డిస్కా?"

"ఆరు. ఒక్కోటి రెండువేల జీబీ. అందులో రెండింటి జాగా కాపలాకే పోతాది. ఏ రెండు డిస్కులు చచ్చినా మెయిలు ఆగదు. కరెంటు పెట్టెలు రెండు, ఒకటి కాలితే ఇంకోటి. ఫ్యాన్లు కూడా జాస్తి పెట్టించినా." అతడు పేజీ తిప్పాడు. ప్రతి పేజీ మీదా తేదీలు, పక్కనే అంకెలు. "రోజూ సాయంత్రం ఆరు గంటలకు ఎంత ఖాళీ ఉండాదో రాసేది నాకు అలవాటు. నాలుగేండ్లుగా ఒక్క పనిరోజూ తప్పలేదు."

అంబిక పేజీ మీద వేలుపెట్టి సోమవారం దగ్గర ఆగింది. బాయిలర్ పగలడానికి ముందురోజు.

నాలుగువేల నాలుగువందల జీబీ ఖాళీ.

ఆమె ఆ అంకెను రెండుసార్లు చదివింది. "రోజుకు నాలుగు జీబీ చొప్పున ఇది నిండాలంటే?"

"పదకొండువందల దినాలు. మూడేండ్లు."

"నిండింది ఒక్క దినంలో."

మునిరాజు తల ఊపాడు.

"బ్యాకప్ లేదా?"

"పక్కనే ఇంకో పెట్టె పెట్టినా. రోజూ మెయిళ్ళ నకలు దాంట్లోకి పొయ్యేది. ఎనిమిది నెలల కింద, కెమెరాల రికార్డింగుకు జాగా చాల్లేదని దాన్ని లాక్కున్నారు. వద్దని రాసిచ్చినా, వినలేదు. సర్వర్‌కు దానికి ఉన్న పసుపు కేబులు నేనే పీకి, చుట్టి, అల్మారా మీద పెట్టినా."

"నిండతా ఉంటే నీకు తెలిసేదానికి ఏ దారీ పెట్టలేదా?"

"ఎందుకు పెట్టలే?" మొదటిసారి అతని గొంతులో రోషం పలికింది. "మెయిలే పడిపోతే మెయిల్లో ఎచ్చరిక ఎట్ల వస్తాది? అందుకని సిమ్ కార్డు వేసిన చిన్న పెట్టె పెట్టినా. ఖాళీ నూటికి ఇరవైకి దిగితే ఒక ఎస్సెమ్మెస్సు, పదికి దిగితే ఇంకోటి, సర్వర్ నిలిచిపోతే ఇంకోటి. ఆ పొద్దు బాయిలర్ సంగతి తెలిసి నన్ను మిల్లుకు తోలినారు. యాక్సిడెంటైనాక గేటు దగ్గర అందరి ఫోన్లూ పెట్టించుకున్నారు. తిరిగి ఇచ్చేసరికి ఏడున్నర. మూడు మెసేజీలు ఉన్నాయి. ఉన్నపళంగా వెనక్కి ఉరికినా. టైములు చూసుకోలేదమ్మా. గురువారం స్టాన్లీ సార్ నా ఫోను తీసుకున్నాడు, పరీక్ష చెయ్యల్లని."

"రిపోర్టులో ఆ పెట్టె అసలు పనే చెయ్యలేదని రాసినాడు."

"చేసింది. నా కండ్లతో చూసినా."

"మెసేజీలు నీ ఒక్కడికేనా వచ్చేది?"

మునిరాజు ఆలోచించాడు. "రెండు నంబర్లు ఇయ్యల్ల. రెండోది నేత్రావతి మేడంది. అడ్మిన్ హెడ్డు. నాలుగేండ్ల కింద చెప్పినా, ఆమెకు గుర్తుండాదో లేదో."

అంబిక లేచి బ్యాగు భుజానికేసుకుంది. విచారణ అధికారి ఆమెకు ఇచ్చిన అనుమతి ఉత్తరం అందులోనే ఉంది. సర్వర్ గదిని చూడవచ్చు, ఏ యంత్రాన్నీ తాకరాదు. మధ్యాహ్నం మూడునుంచి మూడున్నర దాకా. ఆ ముప్పై నిమిషాల కోసం ఆమె రెండు వారాలు ఆ ఆఫీసు చుట్టూ తిరిగింది.

"నువ్వు ఇంటికి పోవద్దన్నా. ఈడనే ఉండు," అంది. "ఆ నోటుబుక్కు నాకియ్యి."

*

అంబిక తన తెల్ల కారు కింద ఆపి పైకి వచ్చేసరికి, వేణుధార హెడ్డాఫీసు మూడో అంతస్తులో నేత్రావతి ఆమె కోసం ఎదురుచూస్తూ నిలబడి ఉంది. నలభై దాటిన మనిషి, కోలారు వైపు తెలుగు. చేతిలో సర్వర్ గది కార్డు, మొహంలో నిద్ర చాలని అలసట.

"ఉత్తరంలో ఉన్నంతవరకే మేడం," అంది. "అంతకుమించి సహకరించొద్దని ఎండీ చెప్పినారు."

"సరే. మీరు కూడా లోపలికి రావాల. నేను ఏదీ ముట్టుకోలేదని చెప్పేదానికి ఒక సాక్షి కావాలి కదా."

నేత్రావతి కార్డు ఆనించింది. పచ్చలైటు వెలిగింది.

గదిలో చలి కోస్తోంది. నల్ల ఇనుప అల్మారాలు రెండు, వాటి నిండా యంత్రాల రొద. స్టాన్లీ వాటి ముందు కుర్చీ వేసుకుని ముందే కూర్చుని ఉన్నాడు. బూడిదరంగు కోటు, ఒళ్ళో ల్యాప్‌టాప్.

"ఇంకా ఈ పనిలోనే ఉండావా అంబికా? మానేసి అంగట్లో కూర్చున్నావేమో అనుకున్నా."

ఆరేళ్ళ కిందటిదాకా అంబిక అతని కిందే పనిచేసింది. ఒక కేసులో తేదీ మార్చి సంతకం పెట్టమంటే, పెట్టనని రాజీనామా ఇచ్చి వచ్చేసింది. బెంగళూరులో నీకింక ఎవడూ పని ఇయ్యడని అతడు ఆ రోజే చెప్పాడు. ఆ మాట నిజం చేయడానికి చాలా ఫోన్లు కూడా చేశాడు. అందుకే ఆమె సొంత బోర్డు కట్టుకుంది.

"మూడూ రెండైంది," అంది అంబిక గడియారం చూసి. "మీతో మాట్లాడేదానికి నాకు టైము లేదు సార్."

ఆమె అల్మారా ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. చేతులు రెండూ వెనక్కి కట్టుకుంది. మెయిల్ సర్వర్ ముందువైపు ఆరు డిస్కులు, ఆరు పచ్చ దీపాలు. మునిరాజు చెప్పినట్టే ఉన్నాయి. అల్మారా వెనక్కి పోయి చూసింది. రెండు కరెంటు తీగలు. దాని కింద, ఒకప్పటి బ్యాకప్ పెట్టె, ఇప్పుడు కెమెరాల రికార్డింగు. ఆ రెండింటినీ కలుపుతూ ఒక పసుపు కేబులు.

అంబిక టార్చి వేసింది. వెనకున్న కేబుళ్ళన్నింటి మీదా నాలుగేళ్ళ దుమ్ము బూజులా పేరుకుని ఉంది. పసుపుదాని మీద మటుకు గీత గీసినట్టు శుభ్రం. చుట్టి పెట్టిన మడతలు కూడా ఇంకా పోలేదు.

"నేత్రావతి గారూ, ఈ పసుపు కేబుల్ ఎవరు పెట్టినారు?"

"నాకు తెలీదు మేడం."

"మునిరాజు దీన్ని ఎనిమిది నెలల కిందే పీకేసినాడు. తర్వాత ఎవరో మళ్ళీ తగిలించినారు." ఆమె స్టాన్లీ వైపు తిరిగింది. "మీ రిపోర్టులో ఈ కేబుల్ మాటే లేదు."

"నేను ఈ బిల్డింగులో అడుగుపెట్టిందే గురువారం. యాక్సిడెంటైన రెండు రోజులకు," అన్నాడు స్టాన్లీ. "అంతకు ముందు ఎవడు ఏ వైరు ఎక్కడ గుచ్చినాడో నాకేం తెలుసు? డిస్కు ఫుల్, సర్వర్ క్రాష్. సింపుల్. ఉద్యోగులు పెద్ద పెద్ద అటాచ్‌మెంట్లు పంపుకున్నారు, మీవాడు అంచనా వెయ్యలేకపోయినాడు."

"ఒక అటాచ్‌మెంటు ఎంతదాకా పంపొచ్చు ఇక్కడ?"

"ఇరవై ఐదు ఎంబీ."

"ముందురోజు ఖాళీ నాలుగువేల నాలుగువందల జీబీ. దాన్ని ఇరవై ఐదు ఎంబీల ముక్కలతో నింపాలంటే లక్షా డెబ్బై ఆరువేల మెయిళ్ళు కావాల. ఒక్క రోజులో. బాయిలర్ పగిలి, మనిషి పోయి, మిల్లంతా ఏడుస్తా ఉన్న రోజు."

"ముందురోజు ఖాళీ అంత ఉండిందని ఎవడు చెప్పినాడు? మునిరాజా?" స్టాన్లీ నవ్వాడు. "ముద్దాయి నోటుబుక్కు కోర్టులో చెల్లదమ్మా. ఆ మాత్రం నేనే నీకు నేర్పించినా."

"నేర్పించినారు. దానికి తోడు ఇంకో సాక్ష్యం వెతకమని కూడా మీరే నేర్పించినారు."

అల్మారా మూలలో, అరచేతంత పెట్టె, పైకి పొడుచుకొచ్చిన చిన్న ఏరియలు. దానిమీద దీపం నింపాదిగా వెలుగుతూ ఆరుతోంది. సిమ్ కార్డు పెట్టె. పనే చెయ్యలేదని రిపోర్టు చెప్పిన పెట్టె.

అంబిక లేచి నిలబడింది. "నేత్రావతి గారూ, ఆ మంగళవారం మీ ఫోనుకు ఈ పెట్టె నుంచి ఎస్సెమ్మెస్సులు వచ్చి ఉంటాయి. ఒకసారి చూస్తారా?"

నేత్రావతి కంగారుపడింది. "నాకా? నాకు ఎస్సెమ్మెస్సులు వేలల్లో ఉంటాయి మేడం. ఏదీ తెరవను."

"తెరవకపోవడమే మంచిదైంది. చెరపలేదు కదా?"

స్టాన్లీ ల్యాప్‌టాప్ మూసేశాడు. "ఉత్తరంలో గది చూడమని ఉంది. ఫోన్లు చూడమని లేదు. నేత్రావతీ, ఆ ఫోను నాకియ్యి. కంపెనీ ఇన్వెస్టిగేటర్‌ని నేను."

"ఫోను ఆమెది. కంపెనీది కాదు," అంది అంబిక.

"కంపెనీ సిమ్."

"అవునా మేడం?"

నేత్రావతి ఇద్దరి మొహాలూ చూసింది. "లేదు. నా సొంతం," అంది మెల్లగా.

"నేత్రావతీ," అన్నాడు స్టాన్లీ. గొంతు పెంచలేదు. "నీ ఉద్యోగం పన్నెండేళ్ళది. ఆలోచించుకో. అంబికా, నీకూ చెప్తా ఉండా. సాక్షిని బెదిరించినావని ఒక్క కంప్లైంటు ఇస్తే రేపటికి నీ బోర్డు ఊడిపోతాది."

"ఇయ్యండి. స్పెల్లింగు తప్పు పడకుండా నా పేరు నేనే రాసిస్తా," అంది అంబిక. "ఆరేళ్ళ కింద భయపడి ఉంటే ఆ సంతకమే పెట్టి ఉండేదాన్ని. ఇప్పుడు భయపడేదానికి నా దగ్గర కొత్తగా ఏమీ మిగల్లేదు."

ఆమె నేత్రావతి వైపు తిరిగింది. గొంతు తగ్గించింది.

"నేను మిమ్మల్ని బలవంతం చెయ్యను. గంగమ్మ అని ఒకామె ఉండాది. మొగుడు పోయినాడు. తప్పు కూడా వానిదే అంటా ఉన్నారు. మిల్లు క్వార్టర్సు ఖాళీ చేసి పొమ్మన్నారు. ఆమె మాట నిజమా అబద్ధమా అనేది మీ చేతిలో ఉండాది. చూపించకపోయినా సరే, నేను పోతాను. మీరు మటుకు ఇంటికి పోయినాక ఒంటరిగానైనా తెరిచి చూడండి."

నేత్రావతి ఫోను బయటికి తీసింది. వేలితో పైకి తోస్తూ పోయింది. బ్యాంకులు, కూరగాయల ఆఫర్లు, కరెంటు బిల్లులు. వేలు ఆగింది.

"ఉండాయి," అంది. "మూడు ఉండాయి."

"టైములు చదవండి మేడం."

"మధ్యాహ్నం మూడూ ఐదు. ఖాళీ పదహారువందల జీబీ. సాయంత్రం ఐదూ ఐదు. ఖాళీ ఎనిమిదివందలు. ఏడూ ఐదు. డిస్కు ఫుల్. సర్వర్ నిలిచిపోయింది."

అంబిక ఆ తెరను మూడు ఫొటోలు తీసింది. వాటిని అక్కడికక్కడే విచారణ అధికారికి పంపింది. నోటుబుక్కు తెరిచి, ఒక మూల నాలుగు అంకెలు రాసింది. రాసిన చెయ్యి అట్లే ఆగిపోయింది.

మళ్ళీ లెక్కకట్టింది. అదే వచ్చింది. మూడోసారి కూడా.

ఇంతవరకూ ఆమె అనుకున్నది ఒకటి. బాయిలర్ పగిలాక భయపడి, ఓబులేషు మెయిళ్ళు మాయం చేశారని. ఈ అంకెలు అంతకంటే ఘోరమైన సంగతి చెబుతున్నాయి.

"ఏమైంది మేడం?" అంది నేత్రావతి.

"మీ ఇంట్లో సంపు ఉండాది కదా? ట్యాంకరు వచ్చి పైపు పెడితే నీళ్ళు ఒకే తీరున పడతాయి. అవునా?"

"అవును."

"ఇదీ అంతే. మూడూ ఐదుకు పదహారువందలు ఖాళీ. ఐదూ ఐదుకు ఎనిమిదివందలు. ఏడూ ఐదుకు సున్న. రెండు గంటలకొకసారి ఎనిమిదివందలు, కొలిచి పోసినట్టు నిండింది. అంటే గంటకు నాలుగువందలు. మనుషులు పంపుకునే మెయిళ్ళు ఇట్ల ఒకే తీరున పడవు. పొద్దున ఎక్కువ, భోజనం టైములో తక్కువ ఉంటాయి. ఇది యంత్రంనుంచి యంత్రానికి పడింది. కెమెరాల పెట్టెలోనుంచి, ఈ పసుపు కేబులు గుండా. ఈ కేబుల్ ఎంత లాగినా గంటకు అంతే లాగుతాది."

"ఊహ," అన్నాడు స్టాన్లీ. అతడు కుర్చీలోంచి లేచాడు. "ఆ గందరగోళంలో మునిరాజే రికార్డింగు తప్పు చోటికి కాపీ పెట్టి ఉంటాడు. బాయిలర్ పగిలినాక."

"అదే నేనూ అనుకున్నా సార్. పగిలినాకనే అని." అంబిక నోటుబుక్కును అతని కళ్ళ ముందుకు ఎత్తింది. "నింపాల్సింది నాలుగువేల నాలుగువందలు. గంటకు నాలుగువందలు. ఎన్ని గంటలు పడతాది?"

స్టాన్లీ నోటుబుక్కును తప్పించుకుని తలుపు దగ్గరికి పోయాడు.

"పదకొండు," అంది నేత్రావతి.

"ఏడూ ఐదు నుంచి వెనక్కి పదకొండు గంటలు లెక్కపెట్టండి."

నేత్రావతి పెదవులు కదిలాయి. వేళ్ళ మీద లెక్కపెట్టుకుంటోంది. "పొద్దున ఎనిమిదీ ఐదు," అంది.

"బాయిలర్ పగిలింది పదీ నలభైకి," అంది అంబిక. "డిస్కు నింపి, ఆ సాకుతో మెయిళ్ళు తుడిచే పని ఎనిమిదీ ఐదుకే మొదలైంది. రెండున్నర గంటల ముందు. మునిరాజు ఆ టైముకు కంపెనీ బస్సులో ఉండాడు, బస్సు రిజిస్టరులో సంతకముంది. ఇక్కడ కూర్చుని ఈ కేబులు తగిలించినోళ్ళకు మిల్లులో ఏం జరగబోతా ఉండాదో ముందే తెలుసు. ఓబులేషు మెయిళ్ళు చదివే తెలుసుకున్నారో, ఇంకే దారిలోనో. పగిలినాక ఆ మెయిళ్ళు ఎవురి కంటా పడకూడదని, పగలకముందే పని మొదలుపెట్టినారు."

నేత్రావతి అల్మారాకు చెయ్యి ఆనించింది. ఆమె ఏడవడం లేదు. ఏదో గుర్తు చేసుకుంటున్న మనిషిలా నేల చూస్తోంది.

"మేడం," అంది చివరికి. "ఆ దినం పొద్దున ఏడున్నరకు నాకొక ఫోన్ వచ్చింది."

"నేత్రావతీ, నోరు మూసుకో," అన్నాడు స్టాన్లీ.

ఆమె ఆగలేదు. "ఆ రోజు ఫారిన్ బయ్యర్లు ఆరుగురు రంగుల షెడ్డు చూడ్డానికి పోవాల్సి ఉండె. పదిన్నరకు. కార్లు కూడా నేనే పెట్టినా. ఎవరో ఎండీ తరపున మాట్లాడుతున్నానని చెప్పి, ఆ విజిట్ క్యాన్సిల్ చెయ్యమన్నారు. బయ్యర్లు ఎవరూ ఈ రోజు షెడ్డు దరిదాపులకు పోకూడదు, అన్నారు. ఎందుకని అడిగితే నీకు అనవసరం అన్నారు. ఎండీకి ఫోన్ చేస్తే, అతను చెప్పినట్టు చెయ్యి అన్నారు. చేసినా. యాక్సిడెంటైనాక, దేవుడే వాళ్ళని కాపాడినాడు అనుకున్నా. అట్లే అనుకోవాలని మూడు వారాలుగా నన్ను నేను ఒప్పించుకుంటా ఉండా."

"ఆ నంబరు ఉండాదా?"

నేత్రావతి ఫోను తెర మీద తేదీలు వెనక్కి తోసింది. మంగళవారం, పొద్దున ఏడూ ముప్పై. పేరు లేని నంబరు. అంబికను అడగకుండానే, ఆమె దాని మీద వేలు నొక్కింది.

స్టాన్లీ కోటు జేబులో ఫోను మోగింది.

యంత్రాల రొదలో ఆ మోత సన్నగా, విడవకుండా వినిపిస్తోంది. గురువారమే ఈ బిల్డింగులో అడుగుపెట్టానన్న మనిషి జేబు మీద చెయ్యి వేసుకుని నిలబడ్డాడు. ఆపలేదు, ఎత్తలేదు.

"బయ్యర్లను ఆపినారు," అంది అంబిక. "షెడ్డులో పనిలో పదకొండు మంది ఉన్నారు. వాళ్ళల్లో ఒక్కరికి కూడా చెప్పలేదు."

మోత ఆగిపోయింది. స్టాన్లీ ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకున్నాడు.

"మూడున్నరైంది. నీ టైము ముగిసింది," అన్నాడు. మర్యాదగానే అన్నాడు. "రేపు పదకొండుకు ఇంకా పంతొమ్మిదిన్నర గంటలు ఉండాది అంబికా. ఒక ఫోను పోయేదానికి, ఒక మనిషి మాట మార్చేదానికి అది చాలా ఎక్కువ."

"అంత టైము మీకెవురిస్తారు?" అంది అంబిక. "విచారణ అధికారి ఆఫీసు ఐదున్నరదాకా తెరిచే ఉంటాది. మేడం స్టేట్‌మెంటు ఈ రోజే రాసిస్తారు. మీరు అడ్డం నిలబడాలంటే ఇప్పుడే నిలబడండి."

అతడు తలుపు ముందే ఉన్నాడు. అంబిక నేత్రావతి చెయ్యి పట్టుకుని, నేరుగా అతని మీదికే నడిచింది. ఒక్క అడుగు దూరంలో, స్టాన్లీయే పక్కకు తప్పుకున్నాడు.

కారిడార్లో నలుగురైదుగురు తలలెత్తి చూశారు. లిఫ్టు దగ్గర ఆగకుండా అంబిక మెట్ల తలుపు తోసింది. రెండో అంతస్తు దాటాక నేత్రావతి ఆయాసపడుతూ అడిగింది.

"ఈ ట్రాఫిక్కులో ఇక్కణ్ణుంచి ఐదున్నరకు చేరతామా మేడం?"

"చేరాల."

పైన మెట్ల తలుపు మళ్ళీ తెరుచుకున్న చప్పుడైంది. ఎవరూ దిగి రాలేదు. స్టాన్లీ గొంతు మాత్రం మెట్ల మధ్య సందులోంచి కిందికి జారింది, ఎవరితోనో ఫోనులో, ఏ తొందరా లేకుండా.

"ఇద్దరూ ఆడవాళ్ళే. తెల్ల కారు, హోసూరు రోడ్డు మీదికి వస్తారు. నంబరు చెప్తా, రాసుకో."